గినీ పిగ్‌కి ఒళ్లంతా స్నానమా, వెనక భాగం కడిగితే చాలా: ఏది మేలు?

గినీ పిగ్ దగ్గర వాసన వస్తోందంటే ఎవరికైనా ముందు తోచేది స్నానమే. కుక్కల్ని పెంచిన అలవాటున్న వాళ్లకైతే మరీను. కానీ ఈ చిన్న ప్రాణి విషయంలో నీళ్లు ఆఖరి మార్గంగా ఉండాలన్నది నా గట్టి నమ్మకం. పొట్టి వెంట్రుకలతో ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌ని ఒళ్లంతా తడపాల్సిన అవసరం ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి రాదు. చాలావాటికి అసలు రాదు. పొడవాటి వెంట్రుకల వాటికి కూడా కత్తెర చేసేంత మేలు షాంపూ చేయదు. తడపక తప్పదనుకుంటే, మురికైన చోటు వరకే తడపడం మంచిది.

అసలు వాసన ఎక్కడిది?

గినీ పిగ్ తన ఒంటిని తానే శుభ్రం చేసుకుంటుంది. దాని కళ్ల నుంచి పాలలాంటి తెల్లటి ద్రవం ఊరుతుంది. ముందు కాళ్లతో దాన్ని ముఖమంతా రాసుకుని మొహం కడుక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు కంటికి ఏదో జబ్బు చేసిందని హడలిపోతారు. కొన్ని క్షణాల్లో అది మాయమైపోతే కంగారు అక్కర్లేదు. రోజంతా కన్ను కారుతున్నా, రెప్పలు అంటుకుపోతున్నా మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

ఇంత శుభ్రంగా ఉండే జంతువు దగ్గర వాసన వస్తోందంటే చాలాసార్లు అది కేజ్ అడుగున పరిచి, మూత్రంతో తడిసిన పరుపుది. తేల్చుకోవడం తేలికే. దాన్ని కేజ్‌కి దూరంగా, వేరే గదిలో, పొడి టవల్ వేసుకుని ఒళ్లో పెట్టుకోండి. ఓ పావుగంట తర్వాత వీపు దగ్గర ముక్కు పెట్టి చూడండి. ఎండుగడ్డి వాసన తప్ప ఇంకేమీ రాకపోతే కడగాల్సింది కేజ్‌ని. స్నానం చేయించి మళ్లీ అదే తడి పరుపు మీద వదిలితే రెండో రోజుకి కథ మొదటికొస్తుంది. పైగా ఆ తడి మీద రోజుల తరబడి నిలబడితే పాదాలకు పుండ్లు కూడా పడతాయి. రోజూ తడిసిన పరుపు తీసేయడం, వారానికోసారి మొత్తం మార్చడం, ఈ రెండూ చేస్తే స్నానాల గొడవ చాలావరకు ఉండదు.

ఒళ్లంతా స్నానం: ఎప్పుడు, ఎవరికి?

ఒళ్లంతా చేయించే స్నానంలో లాభం ఒక్కటే. మురికి ఒళ్లంతా అంటుకుని ఉంటే ఒక్కసారిగా పోతుంది. దానికి ఆ జీవి చెల్లించే మూల్యం మాత్రం చిన్నది కాదు.

మొదటిది భయం. వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి ఇది. నీళ్లలో దింపగానే కొన్ని అరిచి గీపెడతాయి, కొన్ని కదలకుండా బిగుసుకుపోతాయి. అలా కదలకుండా ఉన్నదాన్ని చూసి ‘ఎంత హాయిగా కూర్చుందో’ అని వీడియో తీసేవాళ్లు ఉన్నారు. అది హాయి కాదు, ప్రాణభయం. మెడ బిగిసి, కళ్లు పెద్దవై, ఊపిరి వేగంగా కొట్టుకుంటుంటే దాన్ని వెంటనే బయటికి తీయాలి.

రెండోది చలి. దీని ఒంటి వేడి మామూలుగా 37.2 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పెద్దది కూడా కిలోకి అటూ ఇటూ తూగే ప్రాణి కాబట్టి దట్టమైన బొచ్చు నిండా నీళ్లు పట్టాయంటే ఆ వేడి త్వరగా పడిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బులు వీటికి తేలిగ్గా వస్తాయి, వస్తే త్వరగా ముదురుతాయి కూడా. ఇది కాక, తరచూ షాంపూ పెడితే చర్మం మీది సహజమైన నూనె పోయి పొట్టు రాలడం, దురద మొదలవుతాయి. ఆ దురద చూసి మురికేమోనని మళ్లీ స్నానం చేయించేవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇవి ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపడతాయి. జంటలో ఒకదాన్నే సబ్బు వాసనతో తెచ్చి కేజ్‌లో వదిలితే, ముఖ్యంగా మగవాటి మధ్య, అప్పటిదాకా లేని తగాదా లేవచ్చు.

మరి ఎప్పుడు తప్పదు? నూనె, రంగు లాంటివి ఒంటి మీద ఒలికినప్పుడు. డాక్టర్ మందు షాంపూ రాసిచ్చినప్పుడు. ఇంతే. కడుపుతో ఉన్నవాటికి అసలు వద్దు. వీటి గర్భం 59 నుంచి 72 రోజులు ఉంటుంది. చివరి వారాల్లో భయపడి మేత మానేస్తే ఒంట్లో విషదోషం పుట్టి తల్లి ప్రాణానికే ముప్పు. పిల్లలకూ, నలతగా ఉన్నవాటికీ, కొత్తగా ఇంటికొచ్చి ఇంకా మూలన నక్కి కూర్చునేవాటికీ కూడా స్నానం మాటెత్తకండి.

వెనక భాగం వరకు కడగడం

మురికి పట్టేది నూటికి తొంభై పాళ్లు వెనకవైపే కాబట్టి నా ఓటు దీనికే. తల, వీపు పొడిగా ఉంటాయి, జంతువు భయపడేది తక్కువ, ఆరేది త్వరగా.

చిన్న టబ్‌లో అడుగున ఒక గుడ్డ పరవండి. నున్నటి అడుగు మీద కాళ్లు జారితేనే వాటికి సగం టెన్షన్. రెండు మూడు సెంటీమీటర్ల లోతున గోరువెచ్చని నీళ్లు చాలు. మణికట్టు మీద పోసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు. కుళాయి కింద పట్టకండి, ఆ చప్పుడుకే బెదురుతాయి. ఒక చెయ్యి ఛాతీ కింద ఆసరాగా పెట్టి, వెనక కాళ్లు నీళ్లలో ఉండేలా నిలబెట్టండి. ఎండిపోయి అంటుకున్న పెంటికల్ని లాగొద్దు. రెండు నిమిషాలు నాననిస్తే వాటంతట అవే వదులుతాయి. షాంపూ వాడాల్సి వస్తే ముందు నీళ్లలో కలిపి, కొద్దిగా. వేళ్లకు జారుడు తగలనంత వరకు కడగాలి. మొత్తం పని పది నిమిషాల్లో ముగిసిపోవాలి.

తుడవడం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. పైన చెయ్యి పెడితే పొడిగానే అనిపిస్తుంది. వెల్లకిలా తిప్పకుండా ఒక చేత్తో కాస్త ఎత్తి, పొట్ట కింది బొచ్చుని వేళ్లతో పాయ తీసి చూడండి. అడుగున చర్మానికి ఆనుకున్న సన్నటి బొచ్చు ఇంకా తడిగానే ఉంటుంది. మొదటి టవల్ తడవగానే పక్కన పడేసి ఇంకో పొడి టవల్ తీసుకోవాలి. రుద్దకుండా అద్దుతూ, చర్మం పొడిగా తగిలేదాకా.

హెయిర్ డ్రయ్యర్ మేలా అంటే, నేను టవలే అంటాను. డ్రయ్యర్ మోతకి బెదరని గినీ పిగ్‌లు తక్కువ. పొడవాటి జుట్టు వల్ల వాడక తప్పకపోతే అతి తక్కువ వేడి, తక్కువ వేగం పెట్టి, దూరం నుంచి పట్టండి. మీ చెయ్యి మధ్యలో ఉంచితే వేడెక్కడం మీకే తెలుస్తుంది. చలికి ఎంత సున్నితమో వేడికీ అంతే, వడదెబ్బ వీటిని త్వరగా కొడుతుంది.

జిడ్డు గ్రంథి సంగతి వేరు

తోకంటూ ఉంటే ఎక్కడ ఉండేదో సరిగ్గా ఆ చోట గినీ పిగ్‌కి ఒక జిడ్డు గ్రంథి ఉంటుంది. మగవాటిలో దాని పని జోరుగా సాగుతుంది. అక్కడ వెంట్రుకలు మైనం పూసినట్టు అట్టకట్టి, నల్లబడి ఉంటాయి. దీన్ని షాంపూతో ఎన్నిసార్లు రుద్దినా చర్మం ఎర్రబడుతుందే గానీ జిడ్డు కదలదు. కొబ్బరి నూనె కొద్దిగా రాసి, ఐదు పది నిమిషాలు ఆగి, మెత్తటి గుడ్డతో తుడిస్తే కరిగి వచ్చేస్తుంది. మిగిలిన నూనెని పలచటి షాంపూ నీళ్లతో ఆ చోటు వరకు కడగండి. నెలకోసారి చూస్తుంటే చాలు. గట్టిగా పేరుకుపోయి ఉంటే ఒకే రోజు మొత్తం తీసెయ్యాలని పట్టుపట్టకుండా రెండు మూడు విడతల్లో తీయండి.

వయసు మళ్లిన మగవాటికి మలద్వారం దగ్గరి మడతలో మెత్తటి పెంటికలు, గడ్డి పోచలు ఇరుక్కుపోతుంటాయి. అక్కడ కూడా నూనె అద్దిన దూదితో నెమ్మదిగా తీయడమే మంచిది. అది తరచూ జరుగుతుంటే డాక్టర్‌కి ఒకసారి చూపించాలి.

పౌడర్ స్నానం, తడి గుడ్డ

చించిల్లాలనే ఇంకో రకం చిన్న పెంపుడు జంతువుల కోసం అమ్మే స్నానపు పౌడర్ గినీ పిగ్‌లకు వద్దు. ఆ దుమ్ము కళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇందులో తర్జనభర్జనకు తావే లేదు. చిన్న మరకకు గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ చాలు. వాసన కలిపిన వైప్స్ వద్దు, వాటి తడి ఒంటికి అంటుకుని, గినీ పిగ్ ఒళ్లు నాక్కున్నప్పుడు నోట్లోకి పోతుంది.

ఏ షాంపూ?

మామూలు మురికికి ఉత్త నీళ్లే మొదటి ఎంపిక. జిడ్డు ఉంటే కుందేళ్లు, గినీ పిగ్‌ల లాంటి చిన్న జంతువుల కోసం చేసిన, పరిమళాలు లేని షాంపూ. మనం వాడేది వాటి చర్మాన్ని పొడిబారుస్తుంది. కుక్కల పేలూ గోమార్ల కోసం అమ్మే మందు షాంపూలు డాక్టర్ చెప్పకుండా వాడితే ప్రమాదం. టీ ట్రీ ఆయిల్ ఉన్నది ఏదైనా పక్కన పెట్టేయండి, ఇంత చిన్న ఒంటికి అది విషమవుతుంది.

దువ్వెనా, కత్తెరా?

పెరూవియన్, షెల్టీ, టెక్సెల్ లాంటి పొడవాటి జుట్టు రకాలను పెంచేవాళ్లకు అసలు ప్రశ్న ఇదే. వీటి జుట్టు నెలకు సుమారు 2 సెంటీమీటర్ల పైనే పెరుగుతుంది. అది నేల మీద జీరాడుతూ మూత్రాన్ని, గడ్డిని, పెంటికల్ని పోగేసుకుంటుంది. ఇలాంటి జుట్టుని పొడవుగానే ఉంచుతానంటే రోజూ దువ్వాలి. ఒక్క రోజు కూడా వదలకుండా. అంత ఓపిక, తీరిక ఉన్నవాళ్లు తక్కువ. వెనకవైపు, పొట్ట పక్కల జుట్టుని నేలకు తగలనంత ఎత్తుకి కత్తిరించేస్తే వారానికి రెండు మూడుసార్లు దువ్వినా సరిపోతుంది. చూడ్డానికి అందం తగ్గుతుందని చాలామంది వెనకాడతారు. కానీ తడి జుట్టు తొడలకు అంటుకుని చర్మం ఒరుసుకుపోయే బాధ పడేది అది, మనం కాదు. పొట్టి వెంట్రుకల వాటికి వారానికోసారి మెత్తటి బ్రష్ చాలు.

చిక్కులు పడి ఉంటే ముందు చిక్కు తీయాలి, ఆ తర్వాతే నీళ్లు. తడిసిన చిక్కు ఇంకా బిగుసుకుంటుంది, ఇక దువ్వెనకి లొంగదు. ఉండకట్టిన జుట్టుని కత్తెరతో తెగ్గొట్టేముందు, చర్మానికీ ఉండకీ మధ్య సన్నటి దువ్వెన దూర్చి దాని పైన కత్తిరించండి. వీటి చర్మం పలచన. ఉండని లాగితే చర్మం కూడా దాంతో పాటే లేస్తుంది, ఆ మడతని కత్తెర కోసేయగలదు. పొట్ట కింద కత్తిరించేటప్పుడు చనుమొనలు ఎక్కడున్నాయో వేలితో తడిమి చూసుకోండి. ఆడా మగా రెండింటికీ రెండేసి ఉంటాయి. మొన గుండ్రంగా ఉన్న కత్తెరే వాడాలి.

గోళ్లు ఇంట్లోనా, డాక్టర్ దగ్గరా?

ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి, మొత్తం 14 గోళ్లు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరించాలి. వదిలేస్తే వంకర తిరిగి పాదంలోకి దిగుతాయి. తెల్ల గోళ్లయితే లోపలి గులాబీ రంగు రక్తనాళం కనబడుతుంది కాబట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు. నల్ల గోళ్లకు కింద నుంచి చిన్న టార్చ్ వేస్తే నీడలా తెలుస్తుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే చివర మొన మాత్రం తీయండి, లేదా మొదటిసారి డాక్టర్ చేస్తుంటే పక్కనుండి చూసి నేర్చుకోండి. మన నెయిల్ కట్టర్ గోరుని రెండు వైపులా నొక్కి చీల్చేస్తుంది. చిన్న జంతువుల కోసం చేసిన కత్తెర లాంటి కట్టరే మేలు. రక్తం వస్తే కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, ఆగేదాకా నొక్కి పట్టండి.

చెవుల్లో బడ్స్ పెట్టొద్దు. పైకి కనబడే చోట తుడిస్తే చాలు. చెవుల వెనక జుట్టు లేని చిన్న ప్రదేశం పుట్టుకతో ఉండేదే.

స్నానమా, డాక్టరా?

గోక్కోవడం, జుట్టు ఊడడం చూసి స్నానానికి పూనుకోవడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. ట్రిక్సాకారస్ అనే గజ్జి పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. ఆ దురద ఎంత భయంకరమంటే ముట్టుకుంటేనే కొన్నిటికి ఫిట్స్ వస్తాయి. అలాంటిదాన్ని నీళ్లలో పెట్టి రుద్దడం దారుణం. దానికి కావాల్సింది బరువు చూసి డాక్టర్ ఇచ్చే మందు. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ పొలుసులతో జుట్టు పోతే తామర కావచ్చు. అది మనకీ అంటుకుంటుంది కాబట్టి గ్లవ్స్ లేకుండా పట్టుకోకండి. బొచ్చు గరుకుగా, జీవం లేనట్టు ఉంటే మేత గురించి ఆలోచించాలి. మనలాగే ఇవీ విటమిన్ సి తయారుచేసుకోలేవు. రోజుకి కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు తిండి ద్వారా అందాల్సిందే.

కడిగిన రెండు రోజులకే వెనక భాగం మళ్లీ మళ్లీ తడుస్తోందంటే కారణం లోపలుంది. లావెక్కి ఒళ్లు వంచలేకపోవడం, కీళ్ల నొప్పులు, మూత్రాశయంలో రాళ్లు, విరేచనాలు, వీటిలో ఏదైనా కావచ్చు. వేడి రోజుల్లో ఇలా తడిగా ఉన్నవాటి మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే అవి పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. కాబట్టి వేసవిలో రోజుకి రెండుసార్లు వెనకవైపు ఎత్తి చూడండి. పురుగు కనబడిందంటే కడగొద్దు, బొచ్చు తడిస్తే ట్రిమ్మర్ సరిగా పట్టక డాక్టర్ పని కష్టమవుతుంది. పొడి టవల్‌లో చుట్టి అప్పటికప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.