స్టూడియో తరఫున పెళ్లిళ్లా, సొంతంగా చిన్న ఫంక్షన్లా: ఉద్యోగం చేసేవాళ్లకు ఏది మేలు?

ఆఫీసు పని చేసుకుంటూనే ఫొటోలు తీసి నాలుగు డబ్బులు వెనకేసుకుంటున్నానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "అన్నా, కెమెరా కొన్నాను. ఏదైనా స్టూడియో తరఫున పెళ్లిళ్లకు వెళ్లమంటారా? లేక సొంతంగా చిన్న ఫంక్షన్లు ఒప్పుకోమంటారా?" నేను రెండూ చేశాను. హైదరాబాద్‌లో రెండు సీజన్లు ఒక స్టూడియో పిలిచిన పెళ్లిళ్లకల్లా వెళ్లాను. ఆ తర్వాత మూడేళ్లుగా బారసాలలు, మొదటి పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు సొంతంగా తీస్తున్నాను.

అడిగేవాళ్లు ముందు డబ్బు సంగతి, తర్వాత లెన్సుల సంగతి ఎత్తుతారు. నేను మాత్రం ముందు చూడమనేది తేదీని. ఆ పని ఏ రోజు పడుతుందో నిర్ణయించేది ఎవరు? ఉద్యోగం ఉన్నవాడికి మిగతావన్నీ దీని తర్వాతే.

పెళ్లి తేదీ పంచాంగం చేతిలో ఉంటుంది. ముహూర్తం బుధవారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు కుదిరితే జీలకర్ర బెల్లం ఆ నిమిషానికే పెడతారు. తర్వాత మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లోంచి బయటపడేసరికి తెల్లారిపోయేది. తొమ్మిదిన్నరకు ఆఫీసు. మొదటి సీజన్‌లో నేను వెళ్లిన పదకొండు పెళ్లిళ్లలో మర్నాడు సెలవు దొరికినవి మూడే. క్యాజువల్ లీవులన్నీ వాటికే అయిపోయాయి. మా అమ్మకు ఒంట్లో బాగోలేనప్పుడు పెట్టుకోవడానికి ఒక్క లీవు కూడా మిగల్లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పోనీ ఆదివారం పెళ్లిళ్లకే వస్తానంటే? స్టూడియో వాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. ఒక్కో మంచి రోజున నాలుగైదు పెళ్లిళ్లు మీద పడతాయి. అలాంటప్పుడు ఏ రోజైనా వచ్చే మనిషే వాళ్లకు కావాలి. రెండుసార్లు రాలేనంటే మూడోసారి ఫోన్ రాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక ముహూర్తాలు లేని రోజుల సంగతి. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో పెళ్లిళ్లుండవు. అధిక మాసం వచ్చినా అంతే. పైగా మౌఢ్యాలు. గురు మౌఢ్యం ఇంచుమించు నెల రోజులుంటుంది. శుక్ర మౌఢ్యం ఒక్కోసారి పది రోజుల్లో పోతుంది, ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. కెమెరాకు ఈఎంఐ కట్టేవాళ్లు ఇది చూసుకోకుండా దిగితే టెన్షన్ తప్పదు.

చిన్న ఫంక్షన్లు అలా కాదు. పాప పుట్టినరోజు మంగళవారం వచ్చినా, చుట్టాలు రావాలి కాబట్టి వేడుక ఆదివారం సాయంత్రం పెట్టుకుంటారు. ఓణీల ఫంక్షన్లూ చాలావరకు సెలవు రోజు చూసుకునే పెడతారు. పుట్టినరోజుకు ఆషాఢమూ అడ్డు కాదు. గృహప్రవేశం మాత్రం వేరు. తెల్లవారుజామున పాలు పొంగించినా, సత్యనారాయణ వ్రతం పూర్తయ్యేసరికి పది దాటుతుంది. అందుకే ఆదివారం పడితేనే ఒప్పుకుంటాను.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి నా అంకెలు, మీ ఊళ్లో వేరేగా ఉండొచ్చు. స్టూడియో నాకు ఒక పెళ్లికి 3,000 ఇచ్చేది, కెమెరా నాదే. సాయంత్రం 4 గంటలకు ఇంట్లోంచి బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేది ఉదయం 7 గంటలకు. పదిహేను గంటలు, అంటే గంటకు 200. ఇప్పుడు మొదటి పుట్టినరోజుకు 6,000 తీసుకుంటున్నాను. అక్కడ మూడు గంటలు, రాకపోకలకూ మాటలకూ రెండు గంటలు, ఎడిటింగ్‌కు ఏడు గంటలు. మొత్తం పన్నెండు గంటలు, గంటకు 500.

కానీ ఆ ఏడు గంటల ఎడిటింగ్‌ను చిన్నగా చూడొద్దు. స్టూడియో పనిలో మెమరీ కార్డు వాళ్ల చేతిలో పెడితే అక్కడితో మన బాధ్యత అయిపోతుంది. ఫొటోల ఎంపిక, ఆల్బమ్ డిజైన్, "మా మేనత్త ఫొటో ఒక్కటీ లేదేంటి?" అనే ఫోన్లు, అన్నీ వాళ్లే చూసుకుంటారు. సొంత పనిలో అవన్నీ మనవే. వారంలో మూడు సాయంత్రాలు పోతాయి. అయినా ఆ మూడు సాయంత్రాలు ఏవో నేనే ఎంచుకుంటాను. నాకు తేడా అక్కడే ఉంది.

డబ్బు ఇచ్చే తీరులోనూ తేడా ఉంది. వైశాఖంలో నేను తీసిన పెళ్లిళ్ల డబ్బు ఆ స్టూడియో నుంచి దసరాకు గానీ రాలేదు. "సీజన్ అయ్యాక అన్నీ కలిపి ఇస్తా తమ్మీ" అనేవారు. సొంత పనిలో సగం అడ్వాన్స్, మిగతా సగం ఫొటోలు ఇచ్చే ముందు. చుట్టాల దగ్గరా ఇదే మాట మీద ఉన్నాను. మొదట్లో మొహమాటపడ్డాను కానీ, మొహమాటపడితే పని నిలవదు.

సొంత పని మొదట్లో దొరకదన్నది మాత్రం నిజం. మొదటి ఆరు నెలల్లో నాకు వచ్చినవి రెండే రెండు, అందులో ఒకటి 1,500కే చేశాను. స్టూడియోకు వెళ్తే మంచి సీజన్‌లో మొదటి వారం నుంచే పని ఉంటుంది. పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. హోమం పొగలో ఫోకస్ ఎలా పట్టాలి, రంగురంగుల ఎల్ఈడీ లైట్ల కింద మొహం రంగు ఎలా కాపాడాలి, పురోహితుడికి అడ్డం పడకుండా ఎక్కడ నిలబడాలి, ఇవన్నీ నేను అక్కడి సీనియర్ల పక్కన నిలబడే నేర్చుకున్నాను. వాళ్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇంకో తేడా, పక్కన తోడు ఉండడం. పెళ్లిలో నా ఫ్రేమ్ తప్పినా మరో ఫొటోగ్రాఫర్ దగ్గర ఉంటుంది. సొంతంగా వెళ్లిన ఒక అన్నప్రాసనలో నా కార్డు మధ్యలో పాడైంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలన్నీ వెనక్కి వచ్చాయి గానీ, ఆ రాత్రి పడ్డ భయం చెప్పలేను. బాబు మొదటి ముద్ద మళ్లీ పెట్టించలేం కదా. ఆ నెలలోనే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకేసారి రెండు కార్డుల్లోకి ఫొటోలు ఎక్కేలా రెండు కార్డు స్లాట్లున్న సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ తీసుకున్నాను. దానికి తోడు 50 ఎంఎం 1.8 లెన్స్, వెలుతురు సీలింగ్‌కు తగిలి మెత్తగా కిందికి పడేలా బౌన్స్ చేయడానికి ఒక ఫ్లాష్ ఉంటే ఇంట్లో ఫంక్షన్లకు సరిపోతుంది. పెళ్లిళ్లకైతే 24-70, 70-200 జూమ్ లెన్సులు లేకుండా కష్టం.

తీసిన ఫొటోలు నలుగురికీ చూపించుకోవడం గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. స్టూడియో తరఫున తీసినవి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే స్టూడియోనూ అడగాలి, పెళ్లివారినీ అడగాలి. నా మటుకు స్టూడియో ఒప్పుకోలేదు. రెండు సీజన్ల కష్టంలో ఒక్క ఫొటో కూడా నా పేరుతో చూపించుకోలేకపోయాను. ఇప్పుడు అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఒక కాగితం మీద ఆ అనుమతి రాయించుకుంటాను. పిల్లల ఫొటోలు వద్దంటే పెట్టను.

మిగతా దారులు రెండు మాటల్లో చెప్తాను. షటర్‌స్టాక్, అడోబీ స్టాక్ లాంటి ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్లలో పెడితే ఒక్కో డౌన్‌లోడ్‌కు వచ్చేది చాలాసార్లు డాలర్ కూడా కాదు, సెంట్లలోనే. మనుషులు గుర్తుపట్టేలా ఉంటే వాళ్ల సంతకంతో అనుమతి పత్రం కూడా కావాలి. పచ్చళ్లు, చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఫొటోలు తీసిపెట్టడం బాగానే ఉంటుంది, కాకపోతే పగటి వెలుతురులో సమయం కావాలి.

వారమంతా ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదీ: ఒక్క సీజన్ స్టూడియోతో వెళ్లండి. ఫోన్లు తగ్గినా ఫర్వాలేదు, మీకు సెలవున్న రోజులే ఒప్పుకోండి, పని నేర్చుకోండి, ఆ తర్వాత సొంతంగా చిన్న ఫంక్షన్లకు రండి. మొన్న ఒక ప్రైవేటు స్కూలు టీచర్ అడిగితే మాత్రం స్టూడియోకే వెళ్లమన్నాను. వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్లిళ్లు జోరుగా సాగేటప్పుడు ఆయనకు ఎండాకాలం సెలవులు. బుధవారం రాత్రి రెండున్నరకు ముహూర్తం పడినా గురువారం మధ్యాహ్నం దాకా నిద్రపోవచ్చు.