నెల్లూరులో కుక్కపిల్లకు డాప్లర్ స్కాన్: వెళ్లొచ్చినవాళ్ల మాట

ఈ రివ్యూ మాగుంట లేఅవుట్‌లో పెంపుడు జంతువులకు డాప్లర్ స్కాన్ (ఒంట్లో రక్తం ఎటు పోతోందో రంగుల్లో చూపించేది) చేసే ఒక క్లినిక్ గురించి. మాది కావలి. మా షిట్జు పిల్ల బంటిగాడికి అంతకుముందు చూపించిన చోట నులిపురుగుల మందు ఇచ్చారు, లివర్ వీక్ అని టానిక్ రాశారు, ఆ తర్వాత ఫిట్స్ మాత్రలు. ఏవీ పనిచెయ్యలేదు.

వాడితోపాటు పుట్టిన పిల్ల కోవూరులో మా చిన్నమ్మ ఇంట్లో బొద్దుగా పెరిగింది. వీడికి ఎదుగుదలే లేదు. చికెన్ కలిపిన అన్నం పెడితే ఆబగా తినేవాడు. కాసేపటికి కళ్లు మత్తుగా వాలిపోయేవి. గదిలో గుండ్రంగా తిరిగి తిరిగి, గోడకు తల ఆనించి అలాగే నిలబడిపోయేవాడు. పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

క్లినిక్‌లో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఇట్లా అయ్యేది తిన్నాకేనామ్మా, లేకపోతే ఎప్పుడుపడితే అప్పుడా?" అని. అంతకుముందు ఎవరూ ఈ ప్రశ్న వెయ్యలేదు. తిన్నాకే అన్నాను. పరగడుపున ఒకసారి, తిండి పెట్టి రెండు గంటలయ్యాక మరోసారి రక్తం తీసి బైల్ యాసిడ్స్ (పిత్త ఆమ్లాలు) పరీక్షకు పంపారు, కాలేయం తన పని చేస్తోందో లేదో దాంట్లో తెలుస్తుంది. రెండోసారి తీసిన దాంట్లో చాలా ఎక్కువ వచ్చాయి.

స్కాన్‌కు కుడివైపు పక్కటెముకల మీద వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, మెత్తటి దిండు మీద పడుకోబెట్టారు. మత్తు ఇవ్వలేదు, ఇలాంటి కాలేయం మత్తుమందును తొందరగా వదిలించుకోలేదట. నన్ను బయటికి పొమ్మనకుండా వాడి తల పట్టుకుని నిలబడమన్నారు. స్క్రీన్ మీద రక్తం ఎరుపు, నీలం రంగుల్లో పోతోంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర, కాలేయం దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోయింది. దాన్నుంచి ఒక నాళం వంకర్లు పోతూ వెళ్లి, గుండెకు పోయే పెద్ద సిరలో కలుస్తోంది. కలిసేచోట రెండు రంగులూ సుడి తిరుగుతున్నాయి. "హైవే లారీలు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీద పోతాయి కదమ్మా, వీడి పేగుల్లో రక్తం కూడా అట్లే పోతా ఉంది" అన్నారు డాక్టరమ్మ.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈ పోర్టల్ సిర బొమ్మ ఏటా బోర్డు మీద వేస్తాను. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు దీని గుండానే వస్తుంది, మిగతాది ధమని ఇస్తుంది. పేగుల్లో తయారైన అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చాలి. రక్తం దాన్ని తప్పించుకుపోతే అమ్మోనియా మెదడుకు చేరుతుంది. 1877లో రష్యాలో ఎక్ అనే వైద్యుడు కుక్కల్లో ఈ సిరను పెద్ద సిరకు కలిపాడు. అలాంటి కుక్కలకు మాంసం పెడితే మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనిపిస్తాయని 1893లో పావ్‌లోవ్, ఆయన తోటివాళ్లు రాశారు. బంటికి ఆ దారి పుట్టుకతోనే ఉంది.

కాలేయం చిన్నదిగా ఉందిగానీ చెడిపోలేదని కూడా ఆ రోజే చెప్పారు. ధమని ఆక్సిజన్ ఇస్తున్నా, పోర్టల్ రక్తంలో వచ్చే పోషకాలు, క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ సరిగ్గా అందకపోతే కాలేయం ఎదగదు. ఎలుకకు కాలేయంలో మూడింట రెండొంతులు కోసేసినా, మిగిలింది వారం పది రోజుల్లో పెరిగి దాదాపు పాత బరువుకు వస్తుందని 1931లోనే చూపించారు. అంత పెరిగే గుణమున్న అవయవం వీడిలో కుంచించుకుపోయిందంటే రక్తం అందకే. ఎన్ని సీసాల టానిక్ పోసినా ఆ దారి మారదని డాక్టరమ్మ సూటిగా చెప్పారు. అమ్ముకోవడానికి అల్మారా నిండా టానిక్కులు ఉండి కూడా ఆ మాట అన్నారు. నాకు ఈ క్లినిక్ మీద గురి కుదిరింది అక్కడే.

తిండి మార్చి, పేగుల్లో అమ్మోనియాను తగ్గించే లాక్టులోజ్ సిరప్‌తో వాడు కాస్త తేరుకున్నాక చెన్నైలో ఆపరేషన్ చేయించాం. ఆ నాళం చుట్టూ చిన్న రింగు వేశారు. దాని లోపల ఉండేది కేసిన్, అంటే పాలలో ఉండే ప్రోటీనే. ఒంట్లోని తడి పీల్చుకుని మెల్లగా ఉబ్బుతూ కొన్ని వారాల్లో నాళాన్ని మూసేస్తుంది. ఒక్కసారిగా బిగించి కట్టేస్తే సన్నటి పోర్టల్ సిర అంత రక్తాన్ని తట్టుకోలేదు, వెనక పేగుల వైపు ప్రెషర్ పెరిగి ప్రాణం మీదికొస్తుంది. తర్వాత మళ్లీ నెల్లూరులోనే స్కాన్ తీయించాం. పక్కనాళంలో రంగు కనిపించలేదు, పోర్టల్ సిర లావైంది, కాలేయం పెరిగింది. పాత కొలతలు, కొత్త కొలతలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఇప్పుడు తిన్నాక గోడ దగ్గరికి పోడు, వాకిట్లోకి పరిగెడతాడు.

లోటుపాట్లూ ఉన్నాయి. వెయిటింగ్ హాలు ఇరుకు, పిల్లుల్నీ కుక్కల్నీ ఒకే బెంచీ దగ్గర కూర్చోబెడతారు. రేట్ల బోర్డు లేదు, అడిగితేనే చెబుతారు. డాప్లర్‌కు మా దగ్గర 1,800 తీసుకున్నారు. రక్తం బయటి ల్యాబుకు పంపుతారు కాబట్టి రిపోర్టు ఆలస్యం.

కావలి, ఒంగోలు నుంచి వచ్చేవాళ్లు ముందుగా ఫోన్ చేసి, ఎన్ని గంటలు పస్తు పెట్టాలో అడగండి. మరీ చిన్న కుక్కపిల్లల్ని ఎక్కువసేపు ఆకలితో ఉంచకూడదు. రెండో రక్తానికి ముందు పెట్టే తిండి అక్కడ దొరకదు, డబ్బాలో మీరే తెచ్చుకోవాలి.