విశాఖలో అద్దె ఇల్లు: బీచ్ రోడ్డు పొడవునా వెతుకులాట

మావారికి రుషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసు, అత్తయ్యకు నెలనెలా గుండె డాక్టరు దగ్గర చెకప్, నాకు ఇంట్లోంచే పని. ఈ మూడింటికీ కుదిరే ఇల్లు విశాఖలో ఎక్కడుందో హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూస్తే తేలేది కాదు. అందుకే ఒక్కో పేటలో గది తీసుకుని కొన్నాళ్ళు ఉండి చూశాం. గదుల అద్దె దండగ అన్నారు చుట్టాలు. తొందరపడి పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని తిట్టుకుంటూ బతకడం కంటే చవకే.

మొదట ఆర్కే బీచ్ పక్కన పాండురంగాపురంలో దిగాం. సర్వీస్ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, బాల్కనీ నిండా సముద్రం. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. అప్పుడు ముసలివాళ్ళు, పిల్లలు, యోగా బృందాలు రోడ్డు మధ్యలో నడుస్తుంటే ఈ ఊరికి ఎందుకు ఇంత పేరో అర్థమవుతుంది. అత్తయ్య రోజూ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వచ్చేవారు. కానీ సాయంత్రం ఆరు దాటితే కథ మారిపోతుంది. మురీ మిక్చర్ బండ్లు, హారన్లు, గేటు ముందు ఎవరివో కార్లు. ఆదివారమైతే మన ఇంటికి మనం రావడానికే వీధి చుట్టూ తిరగాలి. నేవీ డే విన్యాసాలు ఇక్కడ పెట్టినప్పుడు రిహార్సల్స్, ట్రాఫిక్ మళ్ళింపులు అదనం. చూడటానికి వచ్చేవాళ్ళకు పండగే, జూమ్ కాల్‌లో ఉన్నవాళ్ళకు మాత్రం కాదు.

అసలు చెప్పాల్సింది ఉప్పుగాలి గురించి. అద్దెకు చూసిన ఇళ్ళలో సముద్రం వైపు ఉన్న కిటికీ గ్రిల్స్‌ను గోటితో గీస్తే పొరలు పొరలుగా రాలాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల సంగతి అడిగితే ఒక ఇంటావిడ నవ్వి, "ఇక్కడ ఇనుము ఏది పెట్టినా తినేస్తాదమ్మా, స్టీలైనా నమ్మకండి" అన్నారు. ఆ రిపేర్లు ఎవరి ఖాతాలో అని అడిగేసరికి మాట మార్చారు! సముద్రం ఎదురుగా ఇల్లు తీసుకునేవాళ్ళు ఏసీ, గీజరు, గ్రిల్స్ రిపేర్లు ఎవరు భరించాలో అగ్రిమెంటులో రాయించుకోండి. ఉతికిన బట్టలు రాత్రికి కూడా చెమ్మగానే ఉంటాయి, ఆ ఉక్కపోతను ఏ అగ్రిమెంటూ ఆపలేదు.

లాసన్స్ బే కాలనీ నాకు బాగా నచ్చింది. చెట్లు, వెడల్పు వీధులు, పక్కనే పెద జాలారిపేట కాబట్టి పొద్దున్నే వలలోంచి వచ్చిన చేపలు. కానీ ఇండిపెండెంట్ ఇళ్ళ అద్దెలు మా చేతికి అందలేదు. అందిన ఒక ఫ్లాట్‌లో బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. సముద్రానికి దగ్గరలో ఏ ఇల్లు చూసినా కుళాయి తిప్పి రుచి చూడాలి, మునిసిపల్ నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయో వాచ్‌మన్‌ను అడగాలి. బ్రోకర్‌ను కాదు.

రుషికొండ దగ్గర హోమ్‌స్టేలో మావారు ఊరికి రాజులా ఉన్నారు. ఆఫీసు పది నిమిషాలు, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఎదురుగా. నాకూ అత్తయ్యకూ మాత్రం అక్కడ ఊపిరాడలేదు. కొత్తిమీర కట్ట కావాలన్నా బండి తీయాలి, శనివారం రాత్రి దగ్గర్లోని రిసార్టు పాటలు పడుకోనివ్వవు, రాత్రి తొమ్మిది దాటాక ఆటో అడిగితే చెప్పిందే రేటు. మేం చూసిన రెండు అపార్ట్‌మెంట్లకూ నీళ్ళు ట్యాంకర్లతోనే వస్తున్నాయి. మెయింటెనెన్స్ ఎందుకంత అని అడిగితే ఆ సంగతి బయటపడింది. కుర్రాళ్ళు, ఒంటరిగా ఉద్యోగం చేసుకునేవాళ్ళు హాయిగా ఉండొచ్చు. మధురవాడ చవక, హైవే, స్టేడియం, కొత్త ఫ్లాట్లు అన్నీ ఉన్నాయి. కానీ సముద్రం కోసం ఈ ఊరు వచ్చి కొండకు అవతల పక్క ఉండటం మాకు ఇష్టం లేదు.

భీమిలి వెళ్ళకపోతే అత్తయ్య ఊరుకునేవారు కాదు. 900కె బస్సులో బీచ్ రోడ్డంతా చూస్తూ వెళ్ళాం, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు, సాయంత్రం ఏడింటికే సద్దుమణిగే వీధులు. విశాఖలో రెండు గదుల అద్దెకు అక్కడ పెరడున్న ఇల్లు చూపించారు. రిటైరైన దంపతులకైతే కళ్ళు మూసుకుని చెబుతాను. మాకు అడ్డొచ్చింది ఒక్కటే, అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే పెద్దాసుపత్రికి పాతిక కిలోమీటర్లు.

చివరికి ఎంవీపీ కాలనీలో తేలాం. అందమైన చోటేం కాదు. సెక్టార్లలో దారి తప్పడం మామూలే, పాత మూడంతస్తుల ఇళ్ళకు లిఫ్టు ఉండదు, హాస్టళ్ళ గొడవ ఉంటుంది. కానీ రైతుబజార్ నడక దూరంలో ఉంది, హనుమంతవాక దాటితే ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు. మావారికి రుషికొండ ప్రయాణం రోజూ ఊరి రద్దీకి ఎదురు దిశలో. అప్పుఘర్ వైపు నడిచి దిగితే సముద్రం. గాలి వస్తుంది, తుప్పు అంతగా పట్టదు. అత్తయ్య కోసం కింది అంతస్తు తీసుకున్నాం. బ్రోకర్‌కు నెల అద్దె ఇచ్చాం, మూడు నెలల అడ్వాన్సు అడిగితే బేరమాడి రెండుకు దించాం.

సంతకం పెట్టే ముందు వాచ్‌మన్‌ను హుద్‌హుద్ గురించి అడిగాను. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. ఏ గోడ కూలింది, ఏ కిటికీ పోయింది, కరెంటు ఎన్నాళ్ళకు వచ్చింది అన్నీ వేళ్ళ మీద చెప్పాడు. వంటింటి కిటికీ చూపించి, అది అప్పటి నుంచీ సరిగ్గా మూతపడదని కూడా అన్నాడు. ఓనరు దాన్ని బాగు చేయించాకే అడ్వాన్సు చేతిలో పెట్టాం.