పడ్డాక ఎక్స్‌రే సరిపోతుందా, సీటీ తీయించాలా?

మా బాబాయికి 20 ఏళ్లుగా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. ఓ రోజు బాత్రూంలో జారి కూలబడ్డారు. ఎక్స్‌రే చూసి "ఏం లేదు, కండరం పట్టేసింది" అన్నారు. నొప్పి తగ్గలేదు. మూడో రోజు సీటీలో మెడ కింది భాగంలో ఫ్రాక్చర్ బయటపడింది.

ఈ జబ్బు ముదిరితే వెన్నుపూసలు అతుక్కుపోయి వెన్నంతా వెదురు బొంగులా ఒకటైపోతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం ఎముక గుల్లబారుతుంది. అందుకే కాస్త జారిపడినా చాక్‌పీస్ విరిగినట్టు అడ్డంగా విరుగుతుంది.

ఎక్స్‌రే చవక, నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఈ ఫ్రాక్చర్లు ఎక్కువగా వచ్చేది 5, 6, 7 మెడపూసల దగ్గర. ఆ చోటును భుజాల నీడ కప్పేస్తుంది. సన్నని చీలికైతే పాత మార్పుల మధ్య కలిసిపోతుంది. సీటీకి ఖర్చు, రేడియేషన్ ఎక్కువే. అయినా నా ఓటు దానికే, అదీ వెన్ను మొత్తానికి. ఒకచోట విరిగితే ఇంకోచోట కూడా విరిగి ఉండొచ్చు. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా ఎంఆర్ఐ కూడా కావాలి. వెన్నుపాము దెబ్బతిన్నదీ, చుట్టూ రక్తం గడ్డకట్టిందీ అందులో బాగా తెలుస్తుంది.

ఇంకో మాట. ఏళ్ల తరబడి ముందుకు వంగిపోయిన మెడను కాలర్ కోసమో, స్కానింగ్ బల్ల కోసమో నిటారుగా లాగనివ్వకండి. తల కింద దిళ్లు సర్ది, పడకముందు మెడ ఎలా ఉండేదో అలాగే ఉంచమని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.