త్రీ క్వార్టర్ టన్ను పికప్, 8,400 పౌండ్ల ట్రైలర్: టంగ్ వెయిట్ మీద నాలుగేళ్ల సమీక్ష

టంగ్ వెయిట్ అంటే ట్రైలర్ మూతి ట్రక్కు వెనకున్న హిచ్ బాల్ మీద మోపే బరువు. సరంజామా ఇది. త్రీ క్వార్టర్ టన్ను (హాఫ్ టన్నుకీ వన్ టన్నుకీ మధ్య తరగతి) డీజిల్ పికప్, క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, జీవీడబ్ల్యూఆర్ (బండి, మోత కలిపి దాటకూడని మొత్తం బరువు) 10,000 పౌండ్లు, హిచ్ దూర్చే రెండున్నర అంగుళాల రిసీవర్. వెనక 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, సామాన్లతో 8,400 పౌండ్లు. రెండింటి మధ్య 1,200 పౌండ్ల టంగ్ రేటింగ్ ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే బాల్ ఉన్న తల, రెండు స్ప్రింగ్ బార్లతో టంగ్ బరువును ముందు చక్రాలకీ ట్రైలర్ చక్రాలకీ పంచేది. తూకానికి ఒక హైడ్రాలిక్ టంగ్ స్కేలు. ఇంజనుకి, బ్రేకులకి, ఫ్రేముకి వంక పెట్టడానికి ఏమీ లేదు. టంగ్ వెయిట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ తరగతి బండి బయటికి కనిపించేంత బలవంతుడు కాదు.

రిసీవర్ మీది ప్లేటు చూస్తే ధైర్యం వస్తుంది: ట్రైలర్ 18,000, టంగ్ 1,800. ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 18,000లో సరిగ్గా 10 శాతం 1,800. కంపెనీలు టో రేటింగ్‌కి (బండి ఎంత బరువు లాగగలదో చెప్పే అంకెకి) వాడే, వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ వారి జె2807 ప్రమాణం కూడా బాల్ మీద లాగే ట్రైలర్‌కి టంగ్ వెయిట్ 10 శాతమనే లెక్క కడుతుంది. ఎత్తుగా, పెట్టెలా ఉండే ట్రావెల్ ట్రైలర్ 10 శాతంతో పక్కగాలికి తోక ఆడిస్తుంది. 12 నుంచి 14 శాతం ఉంటేనే గీత తప్పకుండా వస్తుంది. 13 శాతం అనుకుంటే 1,800 పౌండ్ల హద్దు 13,800 పౌండ్ల ట్రైలర్ దగ్గరే అయిపోతుంది. 18,000 అంకె బ్రోషర్‌కి అందం.

అసలు పట్టుకునే హద్దు రిసీవర్ కాదు, డ్రైవర్ తలుపు చట్రం మీద ఉండే పసుపు స్టిక్కర్. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఈ బండికి అందులో రాసింది 2,140 పౌండ్లు. డీజిల్ ఇంజను బరువంతా అప్పటికే ఆ అంకెలోంచి పోయింది, నిండు ట్యాంకు ఇంధనం కూడా పోయింది, కానీ డ్రైవర్ పోలేదు. ఇప్పుడు తీసేస్తూ రండి. టంగ్ 1,140. హిచ్ తల, బార్లు 100. నలుగురు మనుషులు 620. బెడ్‌లో, అంటే ట్రక్కు వెనక తొట్టిలో, జనరేటరు, పనిముట్ల పెట్టె, ఐసు డబ్బా 210. మిగిలింది 70 పౌండ్లు. అదే సమయానికి రిసీవర్ ప్లేటు ప్రకారం ఇంకా 660 పౌండ్ల చోటుంది. బండికి తర్వాత బిగించిన బెడ్ కవరు, పక్క మెట్లు లాంటివన్నీ ఆ 70లోంచే పోవాలి.

అమెరికాలో జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటిన ట్రక్కులకు ఆ పసుపు స్టిక్కర్ తప్పనిసరి కాదు. అలాంటప్పుడు ఖాళీ బండిని కాటా ఎక్కించి, జీవీడబ్ల్యూఆర్‌లోంచి ఆ తూకం తీసేయడమే దారి. వెనక యాక్సిల్ రేటింగ్‌లో ఇంకా బోలెడుంది కాబట్టి స్టిక్కర్‌ని పట్టించుకోనక్కర్లేదనే వాదన తరచూ వినిపిస్తుంది. యాక్సిల్‌లో చోటున్న మాట నిజమే. అయినా గీత అంటే స్టిక్కరే అనుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

ట్రైలర్ బ్రోషర్‌లో రాసే డ్రై హిచ్ వెయిట్‌ని (ఖాళీ ట్రైలర్ టంగ్ బరువుని) నమ్మి ట్రక్కు కొనకండి. ఈ ట్రైలర్‌కి అందులో ఉన్నది 820. రెండు 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు నిండుగా ఉంటే ఒక్కొక్కటి సుమారు 55 పౌండ్లు తూగుతుంది, రెండూ మూతి మీదే. బ్యాటరీలూ అక్కడే. ముందువైపు గూట్లోకి గొట్టాలు, దిమ్మెలు, కుర్చీలు చేరతాయి. 820 కాస్తా 1,140 అవడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

కచ్చితమైన తూకానికి ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేలు వంటి కాటా కావాలి. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండాలి. మూడుసార్లు తూయాలి: స్ప్రింగ్ బార్లు బిగించి ఒకసారి, బార్లు తీసి అక్కడే ఇంకోసారి, ట్రైలర్ వదిలేసి మనుషులతో, సామాన్లతో ట్రక్కు ఒక్కటే మరోసారి. ఈ జోడీకి వచ్చిన అంకెలు ఇవి. ట్రక్కు ఒక్కటే: ముందు 4,960, వెనక 3,840. ట్రైలర్ తగిలించి, బార్లు లేకుండా: ముందు 4,500, వెనక 5,440, ట్రైలర్ చక్రాల మీద 7,260. బార్లతో: 4,740, 5,060, 7,400. ట్రైలర్ తగిలించి, బార్లు లేకుండా ట్రక్కు మొత్తం 9,940, ట్రక్కు ఒక్కటే అయితే 8,800. తేడా 1,140, అదే టంగ్ వెయిట్.

1,140 పౌండ్లు మోపితే వెనక యాక్సిల్ మీద పెరిగింది 1,600, చూశారా? హిచ్ బాల్ వెనక యాక్సిల్‌కి 64 అంగుళాలు వెనకుంది, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 160 అంగుళాలు. 64ని 160తో భాగిస్తే 0.4. అంటే టంగ్ బరువులో 40 శాతం ముందు చక్రాల మీంచి లేచి, అదీ వచ్చి వెనకే పడుతుంది. స్టీరింగ్ తేలికవడం, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టడం దీనివల్లే. హాఫ్ టన్ను బండైతే వెనక కూలబడి చెప్పేస్తుంది. ఈ గట్టి లీఫ్ స్ప్రింగులు అంగుళంన్నర దిగి ఊరుకుంటాయి, దూరం నుంచి చూస్తే బండి సమంగానే ఉంటుంది. అందుకే టేపు పట్టాల్సింది ముందు ఫెండర్‌కి. నేల నుంచి ఫెండర్ అంచుకి విడిగా 39 అంగుళాలు, ట్రైలర్ తగిలించాక 39 ముప్పావు, బార్లు బిగించాక 39 అంగుళాల మూడు సూత్రాలు (సూత్రం అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). అంటే పోయిన దాంట్లో సగం వెనక్కి వచ్చింది. ఎంత వెనక్కి రావాలన్నది ట్రక్కు మాన్యువల్‌ని బట్టి ఉంటుంది, అందులో ఉన్నదే ఖాయం. పూర్తిగా 39కి లాగాలని బార్లు మరీ బిగిస్తే వెనక చక్రాలు తేలికై తడిరోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పేలోడ్ (స్టిక్కర్‌లో రాసిన మోత హద్దు) పెంచుతుందనుకోవడం భ్రమ. పై తూకాల్లో అది ట్రైలర్ చక్రాలకు పంపించింది 140 పౌండ్లే. ముందు యాక్సిల్‌ని నిలబెట్టడం దాని పని, ఆ పని బాగా చేసింది.

అయితే ఈ హిచ్ కొనడంలోనే పొరపాటుంది. 1,200 రేటింగ్ ఎంచుకునేటప్పుడు టంగ్ వెయిట్ ఒక్కటే చూసుకుంటే చాలదు, ట్రక్కు వెనక యాక్సిల్ దాటి బెడ్‌లో ఉన్న సామాను కూడా కలపాలి. పెట్టిన చోటును బట్టి ఇక్కడ ఆ మొత్తం 1,350 దాకా పోతుంది. తగిన సైజు 1,400. చిన్నది వాడినందుకు బార్లు ఎప్పుడూ కొసదాకా వంగి ఉంటాయి, సగం బరువు వెనక్కి రప్పించడానికి హిచ్ తలని వాషర్లతో ఎక్కువ వాల్చాల్సొచ్చింది, ఎల్ ఆకారపు బ్రాకెట్ల మీద బారు రాసుకునే చోట లోహం గీరుకుపోయి గాడి పడింది. గాడి లోతవుతున్న కొద్దీ బిగువు తగ్గుతుంది. ఆ సంగతి తెలిసేది ఫెండర్ కొలతలోనే, నడపడంలో కాదు. అలాగని మరీ పెద్ద బార్లు వేసినా చిక్కే. తేలిక టంగ్‌కి 1,600 బార్లు తగిలిస్తే ప్రతి గతుకూ ట్రైలర్ ఫ్రేముకి సుత్తి దెబ్బలా తగులుతుంది.

బార్లు వేసేటప్పుడూ తీసేటప్పుడూ కప్లర్‌కి (బాల్‌ని పట్టుకునే ట్రైలర్ మూతికి) తాళం పడిందో లేదో చూసుకుని, ట్రైలర్ మూతిని లేపే టంగ్ జాక్‌తో ట్రక్కు వెనక భాగాన్ని కూడా కలిపి పైకెత్తాలి. అప్పుడు బారు చేత్తోనే జారుతుంది. జాక్ ఎత్తకుండా పలుగు పెట్టి పీకితే బారు ఎగిరొచ్చి మోకాలి చిప్పకు తగులుతుంది. మలుపుల్లో వచ్చే కీచుమనే చప్పుడు హిచ్ పాడైందని కాదు, రాపిడితోనే అది ఊగుడును ఆపుతుంది. గ్రీజు మాన్యువల్ చెప్పిన చోటే రాయాలి.

టంగ్ వెయిట్ ఎప్పుడూ ఒకే అంకె మీద నిలవదు. పై తూకాలన్నీ నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పటివి. మంచినీళ్ల ట్యాంకు 50 గ్యాలన్లు, గ్యాలన్ 8.34 పౌండ్ల చొప్పున 417 పౌండ్లు. ట్యాంకు మధ్యభాగం ట్రైలర్ యాక్సిళ్లకు నాలుగున్నర అడుగులు ముందుంది, కప్లర్ 18 అడుగులు ముందుంది. కాబట్టి ట్యాంకు బరువులో పావు వంతు, 104 పౌండ్లు, టంగ్ మీదికి వస్తుంది. స్టిక్కర్‌లో మిగిలిన 70 అక్కడే హరించుకుపోయి లెక్క హద్దు దాటుతుంది. నీళ్లు దిగే చోట నింపుకోవడం మేలు.

తిరుగు ప్రయాణంలో వ్యవహారం తలకిందులు. ఈ ట్రైలర్‌లో వాడిన నీళ్ల ట్యాంకు యాక్సిళ్లకు అంతే దూరం వెనకుంది. 40 గ్యాలన్లు నిండితే 334 పౌండ్లు, టంగ్ 83 తగ్గుతుంది. దానికి తోడు వెనక బంపర్‌కి సైకిళ్ల ర్యాకు తగిలించి నాలుగు సైకిళ్లు ఎక్కిస్తే మొత్తం 200 పౌండ్లు, యాక్సిళ్లకు 13 అడుగులు వెనక. టంగ్ మీంచి ఇంకో 144 లేచిపోతుంది. ఇప్పుడు 913 పౌండ్లు, ట్రైలర్ మొత్తంలో 10 శాతం చిల్లర. వెళ్లేటప్పుడు గీతలా వచ్చిన ట్రైలర్ వచ్చేటప్పుడు లారీ పక్కనుంచి పోతే ఊగడం మొదలెట్టిందంటే కారణం టైర్లలో వెతక్కండి, వాడిన నీళ్లు వదిలించి సైకిళ్లను ట్రక్కు బెడ్‌లోకి మార్చండి, పేలోడ్ లెక్క మళ్లీ చూసుకుని. ఊగుడు మొదలైపోతే ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి.

హైడ్రాలిక్ టంగ్ స్కేలుకి మంచి మార్కులు. కాటా 1,140 అన్నచోట అది 1,150 చూపించింది, ఇంటి వాడకానికి ఇంతకంటే అక్కర్లేదు. పెట్టే చోటే ముఖ్యం. కప్లర్ కిందే పెట్టాలి, టంగ్ జాక్ పాదం కింద కాదు. జాక్ కప్లర్‌కి రెండడుగులు వెనకుంటే, 18 అడుగుల బదులు 16 అడుగుల దూరంలో మోస్తున్నట్టు లెక్క, అదే బరువు 1,280గా కనిపిస్తుంది. ట్రైలర్ సమంగా ఉండాలి, చక్రాలకు దిమ్మెలు వేయాలి, మెల్లగా దింపాలి. ధబీమని వదిలితే ముల్లు కొసకి కొట్టుకుని తర్వాత సున్నాకి రాదు. స్కేలు లేకపోతే బాత్రూం తూకం యంత్రమూ పనికొస్తుంది. గట్టి దూలం ఒక కొసను ఇనుప గొట్టం మీద, రెండో కొసను యంత్రం మీద ఆనించి, గొట్టానికి ఒక అడుగు, యంత్రానికి రెండడుగుల దూరంలో కప్లర్‌ని దూలం మీద మోపి, వచ్చిన అంకెను మూడుతో గుణించాలి. యంత్రం 380 చూపిస్తే టంగ్ 1,140.

రెండున్నర అంగుళాల రిసీవర్‌లో రెండంగుళాల షాంక్ (రిసీవర్‌లోకి దూరే హిచ్ కడ్డీ) పట్టించే స్లీవు వాడితే ప్లేటు మీది 1,800 మర్చిపోవాలి. స్లీవు, షాంక్, బాల్, కప్లర్, వీటన్నిటిలో తక్కువ రేటింగ్ ఏదో అదే మొత్తానికి హద్దు. పైగా స్లీవు కొన్నాళ్లకు వదులై, బ్రేకు వేసిన ప్రతిసారీ టంగుమంటుంది. రెండున్నర అంగుళాల షాంకే కొనుక్కుంటే ఈ గొడవ లేదు. షాంక్‌ని పొడిగించే ఎక్స్‌టెన్షన్లు ఇంకా అన్యాయం, చాలావాటితో రేటింగ్ సగానికి పడిపోతుంది, పైగా ఆ 64 అంగుళాలు ఇంకా పెరుగుతాయి.

వెనక స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తే వెనక భాగం లేచి బండి ముచ్చటగా కనిపిస్తుంది. ముందు చక్రాల మీంచి లేచిపోయిన 460 పౌండ్లలో పైసా కూడా వెనక్కి రాదు, స్టిక్కర్ అంకె మారదు.

ఇదే ట్రక్కుతో ఫిఫ్త్ వీల్ (బాల్‌కి కాకుండా బెడ్‌లోని హిచ్‌కి పిన్నుతో తగిలించే ట్రైలర్) లాగాలనుకునేవాళ్లకు ఒక్క లెక్క. ఫిఫ్త్ వీల్ పిన్ను మీద పడేది మొత్తంలో 15 నుంచి 25 శాతం. 14,000 పౌండ్లది 20 శాతం మోపినా 2,800. బెడ్‌లో బిగించే హిచ్, మనుషులూ లెక్కలోకి రాకముందే 2,140 దాటిపోయింది. అలాంటిది లాగాలంటే వన్ టన్ను చూడండి. కొనేముందు ఆ నమూనా బ్రోషర్ కాకుండా, ఎదురుగా ఉన్న ఆ బండి తలుపే తీసి స్టిక్కర్ చదవండి. ఒకే మోడల్‌లో సన్‌రూఫు, తోలు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదానికీ లేనిదానికీ పేలోడ్‌లో వందల పౌండ్ల తేడా ఉంటుంది.