బాస్కెట్‌బాల్ రిఫరెన్స్: ఎంవీపీ వాదనకు ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎంవీపీ (సీజన్ అత్యంత విలువైన ఆటగాడు) ఎవరనే గొడవకు ఈ ఉచిత గణాంకాల సైట్ చాలావరకు సరిపోతుంది. 2024-25నే తీసుకోండి. డెన్వర్ ఆటగాడు యోకిచ్ మ్యాచ్‌కు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు, ఓక్లహోమా సిటీ ఆటగాడు షేయ్ గిల్జస్-అలెగ్జాండర్ 32.7 పాయింట్లు. బీపీఎంలో (బాక్స్ ప్లస్/మైనస్, ఆటగాడి మొత్తం ప్రభావాన్ని ఒకే అంకెలో చెప్పే కొలత) యోకిచ్‌దే పైచేయి. ట్రోఫీ మాత్రం షేయ్‌కి, 71-29 మొదటి స్థానం ఓట్లతో! స్టాండింగ్స్ పేజీ తెరిస్తే సగం అర్థమవుతుంది: ఓక్లహోమా సిటీకి 68 విజయాలు, డెన్వర్‌కు 50.

బీపీఎంను గుడ్డిగా నమ్మొద్దు. అది బాక్స్ స్కోరు (మ్యాచ్‌లో నమోదయ్యే పాయింట్లు, రీబౌండ్ల వంటి లెక్కల పట్టిక) నుంచే పుడుతుంది కాబట్టి స్టీల్, బ్లాక్ కాని డిఫెన్స్ దానికి సరిగా ఆనదు. ఆన్-ఆఫ్ అంకెలదీ (ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు ఆటలో తేడా) వేరే తంటా: బెంచ్ బలహీనమైతే స్టార్ విలువ ఉబ్బిపోతుంది. అన్నిటికంటే ముందు గేమ్ లాగ్‌లో (ఆటగాడి మ్యాచ్‌ల జాబితా) అవార్డు అర్హతకు కావాల్సిన 65 మ్యాచ్‌లు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. మ్యాచ్‌లో 20 నిమిషాలు ఆడితేనే లెక్క, రెండు మ్యాచ్‌లకు మాత్రం 15 చాలు. లోతుగా వెతకాలంటే ఈ సైట్‌వాళ్లదే అయిన స్టాట్‌హెడ్ అనే వెతుకులాట సాధనానికి చందా కట్టాల్సిందే.