కొత్త షూతో తలకోన, హార్సిలీ హిల్స్: రెండు రోజుల అనుభవం

షూ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ ట్రిప్పు పెట్టుకున్నదే దాని కోసం. పోయిన ఏడాది కార్తీకంలో తలకోన జలపాతం దగ్గర మామూలు స్పోర్ట్స్ షూతో తడి రాళ్ల మీద జారి చీలమండ బెణికింది, నెలన్నర సరిగ్గా నడవలేకపోయాను. అందుకే ఈసారి చీలమండ పైదాకా పట్టి ఉంచే ట్రెక్కింగ్ షూ తీసుకున్నాను, 4,500 రూపాయలు. రాయి, మట్టి, నీళ్లు, అన్నిటికీ ఇదొక్కటే చాలని తిరుపతి షాపులో గట్టిగా చెప్పారు. ఆ మాట ఎంతవరకు నిజమో కొండ మీదే చూడాలనుకున్నాను.

కొనేటప్పుడే ఒక ఇబ్బంది వచ్చింది. నాకెప్పుడూ 8 సైజే. ఉదయం పదిగంటలకు పోయి పల్చటి సాక్సు మీద వేసి చూస్తే సరిపోయింది. సాయంత్రం ఇంట్లో మందపు సాక్సుతో వేసుకుంటే బొటనవేలు ముందుకు తగులుతోంది. మార్చమని పోతే బిల్లు వెనకాల అచ్చువేసిన ‘మార్పిడి లేదు’ అనే ముక్క చూపించారు, అరగంట బతిమాలితే గాని 9 ఇవ్వలేదు. కొనేవాళ్లు సాయంత్రం పూట పోండి, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొండకు వేసుకునే సాక్సే తీసుకుపోండి. తాడు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసి, మడమ వెనకాల ఒక వేలు దూరుతుందో లేదో చూసుకోండి. ఆ వేలెడు జాగా ఎందుకో దిగేటప్పుడు తెలుస్తుంది. కొన్నాక రెండు వారాలు ఎస్వీ యూనివర్సిటీ రోడ్లమీద ఉదయం వాకింగ్‌కి వేసుకుని మెత్తబరిచాను, కొత్త షూతో నేరుగా కొండకు పోతే మడమ బొబ్బలెక్కడం ఖాయం.

డిసెంబర్‌లో ఒక బుధవారం మా బావా నేనూ కారులో తెల్లవారుజామున బయల్దేరాం. తిరుపతి నుంచి తలకోన సుమారు 60 కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం, రంగంపేట దాటితే భాకరాపేట ఘాట్ వస్తుంది, మలుపులు ఒకదాని వెంట ఒకటి, ఇక్కడ తొందరపడొద్దు. భాకరాపేటలో వేడి ఇడ్లీ, శెనక్కాయల చట్నీ తిని నెరబైలు మీదుగా లోపలికి పోయాం. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు పోవడం వల్ల దొరికిన ప్రశాంతత గురించి ఎంత చెప్పినా తక్కువే. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర మాతో పాటు ఇంకో రెండు కుటుంబాలు మాత్రమే ఉన్నాయి.

జలపాతం 270 అడుగులు. అక్టోబర్ నుంచి పడే ఈశాన్య రుతుపవనాల వానలకు డిసెంబర్‌లో నీళ్లు బాగా ఉంటాయి, ఎండాకాలం పోతే సన్నటి ధారే మిగులుతుంది, కాబట్టి నీళ్లు చూడాలంటే ఈ రోజుల్లోనే పోవాలి. దారి చూపడానికి ఆ పక్క పల్లెలోని ఒక పెద్దాయన వచ్చాడు, కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. మట్టి దారిలో, వేర్ల మీద, గులకరాళ్ల మీద నా షూ నిజంగా హాయిగా ఉంది, అడుగున లోతుగా ఉన్న గట్లు మట్టిని గట్టిగా పట్టుకున్నాయి, రాయి అంచు తగిలినా పాదానికి తెలియలేదు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. పచ్చగా పాచి పట్టిన నున్నటి బండ మీద కుడికాలు పెట్టగానే సర్రున జారింది. బావ జబ్బ పట్టుకోకపోతే మళ్లీ అదే చీలమండ పోయేది.

అప్పుడు ఆ పెద్దాయన, "సార్, ఆకు మీద అడుగేయొద్దు, ఆకు కింద రాయి తడిగా ఉంటాది. తెల్లగా గరుగ్గా కనిపించే చోట ఏయండి" అన్నాడు. ఆ తర్వాత ఆయన కాళ్లనే చూస్తూ నడిచాను. ఆయన మడమ ముందు ఆనించడు, పాదం మొత్తం ఒకేసారి దించుతాడు, బరువు మార్చే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. నేనూ అలాగే చేస్తే జారడం చాలావరకు తగ్గింది. గట్లు లోతుగా ఉన్నంత మాత్రాన తడి బండ మీద పట్టు రాదు, అక్కడ పనిచేసేది రబ్బరు మెత్తదనం, ఈ షూ రబ్బరు గట్టిది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, తడి రాయి మీద మాత్రం మోసం చేస్తుంది. షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, వాటర్‌ప్రూఫ్ అనే మాట. అర అడుగు నీళ్లలో నడిస్తే లోపల పొడిగానే ఉంది. ఒకచోట మోకాటి లోతులో దిగాను, పైనుంచి నీళ్లు లోపలికి పోయాయి, ఇక బయటికి రాలేదు. మిగతా దారంతా పచక్ పచక్ మంటూనే నడిచాను. వాగు దాటాల్సి ఉంటే షూ విప్పి చేత్తో పట్టుకోవడమే మంచిది. దిగేటప్పుడు మాత్రం ఆ 9 సైజు నన్ను కాపాడింది. చివరి రెండు రంధ్రాల దగ్గర తాడుని మెలివేసి మడమ కదలకుండా బిగించాను, అంత దూరం దిగినా బొటనవేలు ఒక్కసారీ ముందుకు తగల్లేదు. 8 సైజు ఉంటే గోరు నల్లబడేదే.

నెరబైలులో ముందే ఫోన్ చేసి చెప్పుకున్న ఇంటి భోజనం: రాగి సంగటి, నాటుకోడి పులుసు, అనపగింజల కూర. అనపకాయలు ఈ చలికాలంలోనే వస్తాయి, వదలకండి.

రాత్రికి మదనపల్లె దారిలో ఒక ప్రైవేటు కాటేజీ, పేరు రాయను. ఫోటోలో కనిపించిన గదికీ మాకిచ్చిన గదికీ సంబంధం లేదు, 2,500 తీసుకుని వేడినీళ్లు కూడా రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. అక్కడి వాచ్‌మన్ మాత్రం పాత పేపర్లు తెచ్చిచ్చాడు, ఉండచుట్టి షూలో కుక్కి రాత్రి రెండుసార్లు మార్చాం. తెల్లారేసరికి చాలావరకు ఆరింది. పొయ్యి దగ్గరో ఎండలోనో పెడితే అడుగు అతుకు ఊడిపోతుంది, పేపరే మంచిది.

రెండో రోజు హార్సిలీ హిల్స్. కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టర్‌గా ఉన్న హార్సిలీ దొర 1870 ప్రాంతంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాకే ఈ పేరు వచ్చింది. పైదాకా తారురోడ్డు, ట్రెక్కింగ్ షూ అవసరమే లేదు, పెద్దవాళ్లనీ పిల్లల్నీ తీసుకుపోవడానికి తలకోన కంటే ఇదే మేలు. కానీ పైన ‘గాలి బండ’ అనే రాతి అంచు మీద నాకు మనసు నిండిపోయింది. పొడి రాయి, ఏటవాలు, కింద లోయంతా మంచు, ముఖానికి కొట్టే గాలి, అక్కడ షూ రాతికి అతుక్కున్నట్టు నిలబడింది. నిన్న సర్రున జారింది ఈ షూయేనా అనిపించింది. బావ మామూలు చెప్పులతో అంచు దాకా రావడానికి భయపడి వెనకే ఆగిపోయాడు.

బస విషయంలో నా మాట: కింద గది తీసుకోవద్దు, కొండ మీదే టూరిజం వాళ్ల గదులున్నాయి, ముందే బుక్ చేసుకోండి. తెల్లవారుజామున మంచులో నడవడానికే అక్కడ ఉండాలి, కారు ఎక్కి పైకి వచ్చేసరికి ఆ మంచు కరిగిపోతుంది.

తలకోనకు ఫిబ్రవరిలో మళ్లీ పోతాను, నీళ్లు తగ్గి బండలు ఆరాక. షూ ఇదే. తడి బండ వచ్చిన చోట మాత్రం ఆకు లేని చోటు చూసుకుని, పాదం మొత్తం దించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రెండో కాలు.